పారిపోతే పిచ్చి, పడి ఉంటే నైజం (మన ఒళ్ళు, మన చరిత్ర: 6వ భాగం)



1851లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే తెల్ల డాక్టరు ఒక కొత్త జబ్బు కనిపెట్టాడు. పేరు డ్రాపిటోమేనియా. గ్రీకులో మొదటి మాటకు పారిపోయిన బానిస అని అర్థం, రెండో మాటకు పిచ్చి అని. యజమాని దగ్గర్నుంచి పారిపోవాలని బానిసకు అనిపించడమే ఆ జబ్బు. జ్వరం లేదు, దగ్గు లేదు, పుండు లేదు. స్వేచ్ఛ కావాలనుకోవడం ఒక్కటే లక్షణం. మందు కూడా ఆయనే రాశాడు. బానిస ముభావంగా కనిపిస్తే చాలు, పారిపోకముందే కొరడా దెబ్బలు కొట్టాలి.

రెండో జబ్బు కూడా ఉంది. డిసెస్తీషియా ఇథియోపికా. పని మీద మనసు పెట్టకపోవడం, పనిముట్లు విరగ్గొట్టడం, పైర్లు తొక్కేయడం దీని లక్షణాలు. మేస్త్రీలు దీన్ని వెధవపని అంటారు, కానీ ఇది చర్మానికి సంబంధించిన రోగం అని డాక్టరుగారి వాదన. చికిత్స ఏమిటంటే ఒళ్ళంతా కడిగి, నూనె రాసి, ఆ నూనె ఇంకేలా వెడల్పాటి తోలు పట్టీతో బాది, ఎండలో బరువు పని చేయించడం. తెల్లవాడి అజమాయిషీ లేని స్వేచ్ఛా నల్లవాళ్ళలో దాదాపు అందరికీ ఈ రోగం ఉంటుందని కూడా రాశాడు.

నవ్వొస్తుంది కదా! కానీ ఇది ఏ తాగుబోతు దొరో అరుగు మీద కూర్చుని వాగిన మాట కాదు. రాష్ట్ర వైద్య సంఘానికి సమర్పించిన నివేదిక. వైద్య పత్రికలో అచ్చయింది. మన తాతలు జీతాలున్న ఇళ్ళలో "పొగరు" అనీ "ఒళ్ళు బద్ధకం" అనీ పిలిచినదాన్నే ఆయన గ్రీకు, లాటిన్‌లలోకి మార్చాడు. అంతే తేడా.

ఈ భాగంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అణిచివేతకు గురైన మనుషుల విషయంలో వైద్యం రెండు అబద్ధాలు ఆడింది. వాళ్ళు ఎదురు తిరిగితే జబ్బు అంది. నిజంగా జబ్బుపడితే అది వాళ్ళ నైజం అంది. పైకి ఇవి ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. కానీ రెండూ కలిసే పనిచేస్తాయి. దెబ్బ కొట్టినవాడి పేరు చరిత్రలోంచి చెరిపేయడమే రెండింటి పని.

అమెరికా కథ మనకెందుకు అని అడిగే తమ్ముళ్ళకు ఒక మాట. 1873లో ఫూలే గులాంగిరి రాసి, నల్లవాళ్ళ బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ స్వయంగా డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్య సమితికి నల్లవాళ్ళు పెట్టిన విన్నపం ప్రతులు పంపమని అడిగాడు. కులమూ జాతీ ఒకటి కావు. కానీ వాళ్ళ చరిత్రను చదివి మన ఆయుధాలు పదును పెట్టుకోవడం మన పెద్దలు నేర్పిన పనే.

*

ముందు మొదటి అబద్ధం చూద్దాం.

1840 అమెరికా జనాభా లెక్కల్లో మొదటిసారిగా మతిస్థిమితం లేనివాళ్ళను లెక్కపెట్టారు. ఫలితం చూసి బానిస యజమానులు పండగ చేసుకున్నారు. బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల్లో ప్రతి 162 మంది నల్లవాళ్ళలో ఒకరికి మతి సరిగా లేదట. బానిసత్వం ఉన్న దక్షిణాదిలో 1,558 మందికి ఒక్కరేనట. అంటే స్వేచ్ఛ ఇస్తే నల్లవాళ్ళకు పిచ్చెక్కుతుంది, గొలుసులుంటేనే ఆరోగ్యంగా ఉంటారు! 1844లో విదేశాంగ మంత్రి జాన్ కాల్హౌన్ ఈ లెక్కలు చూపించే బ్రిటన్ ప్రతినిధికి బానిసత్వాన్ని సమర్థిస్తూ లేఖ రాశాడు.

లెక్కలు తప్పని తేల్చడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కొన్ని ఊళ్ళలో ఉన్న నల్లవాళ్ళ కంటే "మతి చెడిన నల్లవాళ్ళు" ఎక్కువగా నమోదయ్యారు. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పిచ్చాసుపత్రిలో ఉన్న తెల్ల రోగులను నల్లవాళ్ళ గడిలో రాసేశారు. ఎడ్వర్డ్ జార్విస్ అనే తెల్ల డాక్టరు దీన్ని బయటపెట్టాడు. అంతకంటే ముఖ్యంగా మనం గుర్తుపెట్టుకోవాల్సిన పేరు జేమ్స్ మెక్యూన్ స్మిత్. బానిసగా పుట్టినవాడు. నల్లవాడని అమెరికా కాలేజీలు చేర్చుకోకపోతే స్కాట్లాండ్ వెళ్ళి, గ్లాస్గోలో 1837లో వైద్య పట్టా తీసుకున్నాడు. వైద్య పట్టా పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. న్యూయార్క్‌లో ప్రాక్టీసు చేస్తూనే ఆ లెక్కల్ని ఊరూరా విడగొట్టి చూపించి తప్పని నిరూపించాడు. ప్రభుత్వం మాత్రం దిద్దలేదు.

గణాంక శాస్త్రం చదివే చెల్లెళ్ళూ, మీ పుస్తకాలు పక్కన పడేయకండి. లెక్క తప్పని చెప్పడానికి కూడా లెక్క రావాలి.

*

ఇప్పుడు రెండో అబద్ధం. జబ్బుపడితే, నొప్పి పడితే అది వాళ్ళ నైజం.

కార్ట్‌రైట్ ఊపిరి కొలిచే పరికరంతో ఇంకో మాట కూడా చెప్పాడు. తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లవాళ్ళ ఊపిరితిత్తుల శక్తి ఇరవై శాతం తక్కువని. పత్తి చేలల్లో, ఇరుకు గుడిసెల్లో, అర్ధాకలితో బతికిన మనిషి ఊపిరి తగ్గితే కారణం పొలమా, పుట్టుకా? ఆయన పుట్టుకే అన్నాడు. ఈ మాట ఆయనతో చచ్చిపోలేదు. ఊపిరితిత్తుల పరీక్ష చేసే స్పైరోమీటరులో "జాతి సవరణ" పేరుతో ఇరవయ్యో శతాబ్దమంతా బతికింది. మిషన్‌లో నల్లవాడు అని నొక్కితే తక్కువ ఊపిరినే "మామూలు" అని చూపించేది. 1999లో బాల్టిమోర్‌లో ఆస్‌బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన కార్మికుల కేసులో, ఈ సవరణ ఆధారంగానే నల్ల కార్మికులు నష్టపరిహారం అడగాలంటే ఇంకా ఎక్కువ జబ్బు చూపించాలని కంపెనీ వాదించింది. అమెరికా ఊపిరితిత్తుల వైద్యుల సంఘం ఈ సవరణ వద్దని చెప్పింది 2023లో. 1851 నుంచి 2023 దాకా లెక్కేసుకోండి.

నొప్పి సంగతీ అంతే. 1845-49 మధ్య అలబామాలో జె. మారియన్ సిమ్స్ అనే సర్జన్ బానిస స్త్రీల మీద మత్తు లేకుండా ఆపరేషన్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. అనార్కా, బెట్సీ, లూసీ. మనకు పేర్లు మిగిలిన ముగ్గురు వీళ్ళు. అనార్కా ఒక్కతే దాదాపు ముప్పై ఆపరేషన్లు భరించింది. సిమ్స్‌కు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. దాన్ని తీసింది 2018లో. ఆ విగ్రహం తీయడానికి రెండేళ్ళ ముందు, 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్ల వైద్య విద్యార్థుల్ని, జూనియర్ డాక్టర్లని ప్రశ్నించారు. సుమారు సగం మంది నల్లవాళ్ళ శరీరం గురించి కనీసం ఒక తప్పుడు నమ్మకాన్ని నిజమన్నారు. నల్లవాళ్ళ చర్మం మందం అన్నది అందులో ఒకటి. అలా నమ్మినవాళ్ళు నల్ల రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. "వాళ్ళ ఒళ్ళు మొద్దు, వాళ్ళకేం కాదు" అనే మాట మన వాడల్లో ఎవరికి కొత్త చెప్పండి?

ఇక టస్కిగీ. 1932లో అలబామాలోని మేకన్ కౌంటీలో అమెరికా ప్రజారోగ్య శాఖ సుమారు 600 మంది నల్ల కౌలురైతుల్ని, కూలీల్ని చేర్చుకుంది. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ ఉంది. వాళ్ళకు ఆ పేరు చెప్పలేదు. "చెడు రక్తం" ఉంది, ఉచితంగా చూస్తామన్నారు. పరీక్షల రోజున ఉచిత భోజనం, చనిపోతే దహన ఖననాల ఖర్చు ఇస్తామన్నారు. నిజానికి చూసింది ఒక్కటే. మందు ఇవ్వకపోతే జబ్బు మనిషిని ఎలా తింటుందో చూడటం. 1940ల చివరికి పెనిసిలిన్ అందరికీ తెలిసిన మందు అయింది. అయినా ఇవ్వలేదు. పీటర్ బక్స్‌టన్ అనే ఉద్యోగి లోపల ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే పత్రికకు చెప్పాడు. 1972 జులైలో వార్త వచ్చాకే అది ఆగింది. నలభై ఏళ్ళు! అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997లో.

ఇది గోప్యంగా జరిగిందనుకునేరు. మధ్య మధ్యలో దీని ఫలితాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. వేల మంది డాక్టర్లు చదివి ఉంటారు. పేజీ తిప్పి ఉంటారు.

*

రెండు అబద్ధాలూ ఒకే ఆసుపత్రిలో కలుసుకున్న కాలం 1960లు.

జోనథన్ మెట్జల్ అనే మానసిక వైద్యుడు మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా ఆసుపత్రి పాత కేసు షీట్లు చదివి 2010లో ఒక పుస్తకం రాశాడు. అందులో తేలింది ఇదీ. 1950ల దాకా స్కిజోఫ్రెనియా అంటే అమెరికా వాళ్ళ దృష్టిలో ఎక్కువగా తెల్ల గృహిణుల జబ్బు. పాపం, ఎవరికీ హాని చెయ్యరు అన్నట్టు రాసేవారు. పౌరహక్కుల ఉద్యమం పెరిగేకొద్దీ అదే జబ్బు డెట్రాయిట్ నుంచి వచ్చిన నల్ల యువకుల జబ్బుగా మారిపోయింది. 1968లో వచ్చిన మానసిక రోగాల మాన్యువల్ రెండో ముద్రణలో స్కిజోఫ్రెనియా వివరణలోకి శత్రుభావం, దూకుడు అనే మాటలు చేరాయి. అదే ఏడాది ఇద్దరు మానసిక వైద్యులు ఒక పేరున్న వైద్య పత్రికలో "నిరసన ఉన్మాదం" అనే కొత్త పేరు ప్రతిపాదించారు. నల్లజాతి విముక్తి రాజకీయాల ప్రభావంతో నల్లవాళ్ళు తెల్లవాళ్ళ మీద ద్వేషంతో కూడిన భ్రమలకు లోనవుతున్నారని వాళ్ళ వాదన. 1974లో ఒక మానసిక రోగాల మందు ప్రకటనలో బొమ్మ ఏమిటో తెలుసా? పిడికిలి బిగించిన నల్ల మనిషి. ఈ మందు వాడితే దారికొస్తాడని ప్రకటన సారాంశం.

కార్ట్‌రైట్ కొరడా పట్టమన్నాడు, వీళ్ళు సూది పట్టమన్నారు.

దీని వెనక ఇంకో నష్టం ఉంది, అది చాలామంది చూడరు. కోపాన్ని ఉన్మాదమని రాసే కలం దుఃఖాన్ని గుర్తుపట్టలేదు. అమెరికాలో నల్లవాళ్ళకు స్కిజోఫ్రెనియా ముద్ర తెల్లవాళ్ళ కంటే ఎక్కువగా పడుతుందనీ, వాళ్ళ డిప్రెషన్ మాత్రం తరచూ కంటికి ఆనదనీ దశాబ్దాలుగా పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జాత్యహంకార చరిత్రకు క్షమాపణ చెప్పింది 2021 జనవరిలో.

*

మరి ఆ మనుషులు ఏం చేశారు? ఇక్కడే మనం నేర్చుకోవాల్సింది ఉంది. వాళ్ళు వైద్యాన్ని తిట్టి ఊరుకోలేదు. వైద్యాన్ని తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు.

1946లో న్యూయార్క్ హార్లెంలో ఒక చర్చి నేలమాళిగలో లఫార్గ్ క్లినిక్ మొదలైంది. రచయిత రిచర్డ్ రైట్, జర్మనీలో పుట్టిన మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ కలిసి పెట్టారు. పేరు మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్‌ది. ఆయన క్యూబాలో పుట్టినవాడు, ఆఫ్రికన్ రక్తం ఉన్నవాడు. ఫీజు పావు డాలరు, లేనివాళ్ళకు అదీ లేదు. డాక్టర్లు జీతం తీసుకోకుండా సాయంత్రాలు వచ్చి పనిచేసేవారు. వచ్చిన మనిషికి నిజంగా నిద్ర పట్టకపోతే, నిజంగా గొంతులు వినిపిస్తే వైద్యం చేశారు. అద్దె ఇల్లు దొరక్క, ఉద్యోగం దొరక్క కుంగిపోతే దానికి కారణం నీ బుర్రలో కాదు, ఈ ఊళ్ళో ఉందని కూడా చెప్పారు. అక్కడితో ఆగలేదు. విడివిడి బడులు పిల్లల మనసుల్ని ఎలా గాయపరుస్తాయో పిల్లల్ని పరీక్షించి 1951లో డెలావేర్ కోర్టులో సాక్ష్యం చెప్పారు. 1954లో బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పులో కలిసిన కేసుల్లో అదీ ఒకటి. రోగి మంచం దగ్గర మొదలై కోర్టు మెట్ల దాకా వెళ్ళిన వైద్యం అది.

1969లో నల్లజాతి మానసిక వైద్యులు తమ సంఘం తాము పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో చెస్టర్ పియర్స్ ఉన్నాడు. మనం క్యాంపస్‌లలో ఈ రోజు వాడే "మైక్రో అగ్రెషన్" అనే మాట ఆయనే ఇచ్చాడు. చూపుతో, నవ్వుతో, పిలుపుతో రోజూ గుచ్చే సన్న ముళ్ళకు పేరు పెట్టింది ఒక నల్ల డాక్టరు. జబ్బు పేరు పెట్టే అధికారం మొదటిసారి చేతులు మారింది.

బ్లాక్ పాంథర్లంటే తుపాకులే గుర్తొస్తాయి చాలామందికి. 1970 నుంచి ప్రతి శాఖా ఉచిత క్లినిక్ నడపాలని పార్టీ ఆదేశించింది. సికిల్ సెల్ జబ్బును అమెరికాలో వైద్యులు మొదట వర్ణించింది 1910లో. నల్లవాళ్ళకు వచ్చే జబ్బు కాబట్టి అరవై ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1971 నుంచి పాంథర్లు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి రక్త పరీక్షలు చేశారు. 1972లో నిక్సన్ లాంటివాడు కూడా సికిల్ సెల్ చట్టం మీద సంతకం పెట్టక తప్పలేదు. అదే 1972లో, ఆ పాంథర్ల పేరు స్ఫూర్తిగా బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. మనం వాళ్ళ పిడికిలి తెచ్చుకున్నాం. క్లినిక్ ఇంకా తెచ్చుకోవాల్సి ఉంది. మన దేశంలో సికిల్ సెల్‌ను నీలగిరి ఆదివాసుల్లో గుర్తించింది 1952లో. జాతీయ మిషన్ మొదలైంది 2023లో. అక్కడ అరవై ఏళ్ళయితే, ఇక్కడ డెబ్బై ఒకటి.

*

మన నేల మీదికి వద్దాం.

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే అధ్యయనం జరిగింది. ఎంతోమంది భద్రాచలం ఏజెన్సీ ఆదివాసీ పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. టీకా చెడ్డదని నేను అనడం లేదు. ప్రపంచమంతా వాడుతోంది, మన పిల్లలకూ అందాలి. పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు కూడా. ప్రశ్న సంతకానిది. రెండు వేలకు పైగా ఒప్పుకోలు ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మేకన్ కౌంటీలో జబ్బు పేరు చెప్పకపోవడానికీ, భద్రాచలంలో అమ్మానాన్నల్ని అడగకపోవడానికీ తీవ్రతలో చాలా తేడా ఉంది. ఆలోచన మాత్రం ఒకటే. వాళ్ళకేం తెలుసు, వాళ్ళనేం అడుగుతాం అని.

ఇక మొదటి అబద్ధం మన దగ్గర ఎక్కడుందో మీకు నేను చెప్పాలా? 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్‌ను పోగొట్టుకున్నాం. హాస్టల్ నుంచి వెలేస్తే వెలివాడ కట్టుకుని చలిలో పడుకున్న ఐదుగురిలో ఒకడు. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ ఏం తేల్చింది? వ్యక్తిగత నిరాశే కారణం, యూనివర్సిటీ చర్య కాదు అని. వెలి కనపడలేదు, స్టైపెండ్ ఆగడం కనపడలేదు. మనిషి లోపలి నిరాశ మాత్రమే కనపడింది. అది కూడా చనిపోయాక! బతికున్నప్పుడు ఆ నిరాశకు తలుపు తీసిన డాక్టరు లేడు, చనిపోయాక దాన్ని సాక్ష్యంగా వాడుకోవడానికి కమిషన్ ఉంది. 2019లో రాధిక అమ్మ, ముంబైలో చనిపోయిన ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ తల్లి అబేదా అమ్మ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది ఇందుకే. కారణం మా పిల్లల బుర్రల్లో కాదు, మీ గదుల్లో వెతకండి అని.

ఇక్కడ నా వాళ్ళకు ఒక గట్టి మాట చెప్పాలి. రాత్రి పన్నెండు దాటాక నాకు మెసేజీలు పెట్టే పిల్లలున్నారు. నిద్ర లేదన్నా, తిండి సయించట్లేదన్నా, బతకాలని లేదన్నా అని. డాక్టరు దగ్గరికి వెళ్దాం పద అంటే కొందరు అనే మాట ఇది. "నాది జబ్బు కాదన్నా, కులం. మందేసుకుంటే నేనే పిచ్చోణ్ణని ఒప్పుకున్నట్టు అవుతుంది." ఆ భయం ఎక్కడ పుట్టిందో ఇప్పటిదాకా చెప్పుకున్న చరిత్ర మొత్తం చెబుతుంది. కానీ ఆ భయానికి లొంగితే రెండో అబద్ధాన్ని మనమే మోస్తాం. బాధపడటం మన నైజం, ఓర్చుకోవడం మన గొప్ప అని మనకు మనమే చెప్పుకున్నట్టవుతుంది. కులం చేసిన గాయం కూడా గాయమే. ఎముక విరగ్గొట్టింది దొర అయినా కట్టు కట్టించుకోవాల్సింది మనం. కట్టు కట్టించుకున్నంత మాత్రాన కేసు వెనక్కి తీసుకున్నట్టు కాదు కదా.

మీ చేతిలో ఒక చట్టం ఉంది, చదవండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. మూడో సెక్షన్ ప్రకారం ఒక మనిషి సామాజిక, రాజకీయ స్థితిని బట్టి గానీ, ఫలానా సమూహానికి చెందినందుకు గానీ, చుట్టూ ఉన్నవాళ్ళ సామాజిక, రాజకీయ విలువలకు ఒదగనందుకు గానీ మానసిక రోగి అని నిర్ణయించకూడదు. కార్ట్‌రైట్‌కు 166 ఏళ్ళ తర్వాత వచ్చిన జవాబు అది. పద్దెనిమిదో సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం ప్రతి మనిషి హక్కు అంటుంది, అందులో వివక్ష చూపకూడని వాటిలో కులం పేరు పెట్టి మరీ చెబుతుంది. మొదటిది మనల్ని తప్పుడు ముద్ర నుంచి కాపాడే సెక్షన్, రెండోది మనకు మందు ఇప్పించే సెక్షన్. రెండు అబద్ధాలకు రెండు జవాబులు. ఒకటి పట్టుకుని ఇంకోటి వదిలేయకండి.

కాబట్టి క్యాంపస్ సంఘాలకు నా విన్నపం. ఎదురుతిరిగిన విద్యార్థిని యాజమాన్యం "కౌన్సెలింగ్"కు పంపితే, ఎవరు చేస్తున్నారు, ఏం రాస్తున్నారు, ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుంది అని రాతపూర్వకంగా అడగండి. అదే మీ గదిలో తమ్ముడో చెల్లో నాలుగు రోజులుగా మంచం దిగకపోతే, మీటింగ్ తర్వాత మాట్లాడదాం అనుకోవద్దు. పక్కన కూర్చోండి, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ రాత్రికి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వైద్యం, సైకాలజీ చదువుతున్న మన పిల్లలు ఏ ఊళ్ళో నలుగురున్నా, అంబేద్కర్ భవన్‌లో వారానికి రెండు సాయంత్రాలు కుర్చీలు వేయండి. హార్లెంలో మొదలైంది కూడా అంతకంటే పెద్దదేం కాదు.

వచ్చే భాగంలో మన ఏజెన్సీల్లో సికిల్ సెల్ గురించి మాట్లాడుకుందాం. అది మోస్తున్న కుటుంబాల వాళ్ళెవరైనా రాయదలుచుకుంటే రాయండి. మీ పేరు బయటపెట్టను.

జై భీమ్.